ఈ తుపాకీ ఎవరిది?

బీజీఎంఐ ఆడేవాళ్లకు 7.62 తూటాల పెట్టె కనబడితే చాలు, వేలు దానంతటదే అటు పోతుంది. ఏకేఎం, ఎం24, కర్98కె మూడింటికీ ఆటలో అదే తూటా. బయట మాత్రం ఒకదాని తూటా ఇంకొకదానికి పనికిరాదు. ఏకేఎం తూటాకు గొట్టం పొడవు 39 మిల్లీమీటర్లు, ఎం24 తూటాకు 51. జర్మన్ సైన్యం 1935లో తీసుకున్న కర్98కెకు అసలు 7.62 కాదు, 7.92. ఇంకా ఉన్నాయి. సగం కాల్చిన మ్యాగజైన్ మార్చేస్తే మిగిలిన తూటాలు బుద్ధిగా బ్యాగులోకి వచ్చి చేరతాయి. వంటింటి పెనం ఏ తూటానైనా ఆపేస్తుంది.

ఇలాంటి పోలికల వీడియోలు యూట్యూబ్ నిండా ఉన్నాయి. నేనూ ఇష్టంగానే చూస్తాను. కానీ అవన్నీ బరువు, శబ్దం, వెనక్కి తన్నే తన్ను, ఎంత దూరం కొడుతుంది అన్న లెక్కల దగ్గరే ఆగిపోతాయి. యంత్రాన్ని యంత్రంతో పోల్చి ఊరుకుంటాయి. ఆదోని, ఎమ్మిగనూరు వైపు పెరిగినవాడిగా నాకు కనబడే పెద్ద తేడా యంత్రంలో లేదు. ఆటలో తుపాకీ నేల మీద దొరుకుతుంది. పారాచూట్ దిగి, ఏదో ఒక ఖాళీ ఇంట్లోకి దూరితే గచ్చు మీద పడి ఉంటుంది. దాన్ని అక్కడ ఎవరు వదిలిపోయారో, ఎవరి మీద వాడారో ఆట చెప్పదు, మనమూ అడగం. మా వైపు ఆయుధం అలా దొరకదు. ఎవరో చేతికిస్తారు. ఇచ్చేటప్పుడు దాంతోపాటు ఇంకేదో కూడా ఇస్తారు.

హొళగుంద మండలం దేవరగట్టు గురించి ప్రతి దసరా మర్నాడు టీవీల్లో చూస్తూనే ఉంటారు. అర్ధరాత్రి మాళమ్మ, మల్లేశ్వరస్వాముల కల్యాణం అయ్యాక ఉత్సవ విగ్రహాల ఊరేగింపు మొదలవుతుంది. నెరణికి, నెరణికి తండా, కొత్తపేట వాళ్లు విగ్రహాలకు కాపలా. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు వాటిని దక్కించుకోవాలని మీద పడతారు. చీకట్లో దివిటీలు, ఇనుప రింగులు తొడిగిన కర్రలు. ఏటా పదుల మందికి తలలు పగులుతాయి. ప్రాణాలు పోయిన ఏళ్లూ ఉన్నాయి. దెబ్బకు పసుపు అద్దుకుని మళ్లీ గుంపులోకి పోయేవాళ్లు కొందరైతే, ఆలూరు, ఆదోని ఆసుపత్రులకు చేరేవాళ్లు కొందరు. పోలీసులు ముందే ఊరూరా తిరిగి కర్రలు స్వాధీనం చేసుకుంటారు. అయినా ఆ రాత్రికి కర్రలు వస్తాయి.

గేమ్ భాషలో ఆ కర్ర ఒక మెలీ వెపన్. డ్యామేజ్ ఇంత, రేంజ్ ఇంత అని కార్డు రాసేయొచ్చు. కానీ ఆ కార్డులో ముఖ్యమైన గడి ఉండదు. ఆ కర్ర పట్టుకున్నవాడిది ఏ ఊరు? నెరణికిలో పుడితే ఒక వైపు, ఇంకో ఊళ్లో పుడితే ఇంకో వైపు. వాడు తన స్క్వాడ్‌ను ఎంచుకోలేదు. వాళ్ల నాయన ఎటు నిలబడ్డాడో వీడూ అటే. ఇనుప రింగు తీసేస్తే అది మామూలు కర్రే. దాన్ని ఆయుధం చేసేది ఇనుము ఒక్కటే కాదు, ఆ వరస కూడా.

దేవరగట్టు ఉత్సవాన్ని బన్ని అంటారు. కన్నడంలో బన్ని అంటే జమ్మి. దసరాకీ జమ్మికీ ఉన్న చుట్టరికం మీకు తెలిసిందే. అజ్ఞాతవాసానికి పోతూ పాండవులు ఆయుధాలు దాచింది జమ్మి చెట్టు మీదే. ఎవరూ దగ్గరికి రాకుండా దానికి ఒక శవాన్ని కూడా కట్టారు. విరాటపర్వంలో ఉత్తరుడు ఆ చెట్టెక్కి మూట విప్పే ఘట్టాన్ని ఇప్పుడు చదివితే నాకు అచ్చం ఇన్వెంటరీ స్క్రీన్ లాగే ఉంటుంది. విండ్లు, కత్తులు, అంబుల పొదులు ఒక్కొక్కటే బయటపడుతుంటాయి. కానీ ఉత్తరుడు ఇది ఎంత దూరం కొడుతుంది అని అడగడు. ఇది ఎవరిది, అది ఎవరిది అని అడుగుతాడు. బృహన్నల ఒక్కో ఆయుధానికీ మనిషి పేరు చెబుతాడు. ఆ జాబితాలో ఆయుధమంటే ముందు మనిషి. శవం కట్టిన చెట్టు మీంచి దించాల్సిన వస్తువు కాబట్టి ఉత్తరుడు మొదట ముట్టడానికే జంకుతాడు. ఏ షూటర్ గేమ్‌లోనూ తుపాకీ తీసుకునే ముందు ఆ జంకు నాకు కనబడలేదు.

ఇక ఫ్యాక్షన్. వేటకొడవలి, నాటుబాంబు మా జిల్లా పేరుకు అంటుకుపోయిన మాటలు. ఆటలో గ్రెనేడ్ పిన్ను లాగినవాడి మాట వింటుంది. నాటుబాంబు చుట్టేవాడి మాటే వినదు, చుట్టేటప్పుడే పేలి చేతులు పోయినవాళ్ల వార్తలు చదువుతూ పెరిగాం. సమరసింహారెడ్డి (1999) ఆడాక వచ్చిన సీమ సినిమాలు బీజీఎంఐ చేసిన పనికి సరిగ్గా తలకిందుల పని చేశాయి. ఆయుధానికి వంశాన్ని ఉంచి, దాన్ని గొప్ప చేసి, గాయాన్ని తీసేశాయి. కొడవలి ఎవరిదో చెబుతాయి, దెబ్బ తిన్నవాడి పేరు మాత్రం చెప్పవు.

ఆట గాయాన్నీ తీసేసింది, వంశాన్నీ తీసేసింది. ఈ రెండు అబద్ధాలకూ ఒకే శిక్ష వేయలేను.

మొదటిది చెడ్డ అబద్ధం. ఫస్ట్ ఎయిడ్ కిట్ నొక్కితే 6 సెకన్లలో ఒళ్లు 75 శాతానికి వస్తుంది. 2020 సెప్టెంబరులో పబ్జీ మొబైల్‌ను నిషేధించాక, 2021 జులైలో మన దేశానికని వేరేగా వచ్చిన బీజీఎంఐలో రక్తం ఆకుపచ్చ రంగుకు మారింది, 'కిల్' అన్న మాట 'ఫినిష్' అయింది. హింస ఉన్నదంతా ఎరుపు రంగులోనే అన్నట్టు. మార్చాల్సింది రంగు కాదు, ఆ 6 సెకన్లు. తలకు కుట్లు పడ్డవాడికి పొలం పని ఎన్నాళ్లు పోయింది, కూలి ఎంత పోయింది, కేసుకు కోర్టు చుట్టూ ఎన్నిసార్లు తిరిగాడు అన్నది గాయం పొడవు. తూటా గొట్టాన్ని మిల్లీమీటర్లలో కొలిచే మనం ఈ పొడవును కొలవం.

రెండో అబద్ధాన్ని మాత్రం అంత తేలిగ్గా తీసిపారేయలేను. ఎవరిదీ కాని తుపాకీ అంటే ఏ పగా అంటని తుపాకీ. సుగ్గికి గుంటూరు వైపు పోయిన కుటుంబంలోని పిల్లగాడూ, ఎమ్మిగనూరులో ఇంటర్ చదివేవాడూ, ఆదోని పత్తి మార్కెట్‌లో పనిచేసేవాడూ ఒకే స్క్వాడ్‌లో దిగొచ్చు. వాళ్లలో ఇద్దరివి దేవరగట్టు కాడ ఎదురెదురు ఊళ్లు కావచ్చు. "రేయ్, కర్ నాకొదిలేయ్, నువ్ ఏకే తీసుకో" అనుకుంటారు. ఈ మ్యాచ్‌లో కాల్చినవాడు వచ్చే మ్యాచ్‌లో మన పక్కనే ఉంటాడు. అక్కడ ఎవడూ ఎవడి నాయన బాకీ తీర్చడానికి రాలేదు. వంద మంది ఒట్టి చేతులతో దిగి, మొదటిసారి చూసిన ఆయుధాన్ని తీసుకుంటారు. మా వైపు పుట్టినవాడికి ఇది చిన్న విషయం కాదు.

కాబట్టి తూటా సైజు తప్పయిందని ఆట మీద నాకు పెద్ద కోపం లేదు. 7.92ను 7.62 అన్నందుకు ఎవరికీ దెబ్బ తగల్లేదు. నాకు కావలసింది, ఆటలో అలవాటైన ఆ తేలికతనం ఫోన్ పక్కన పెట్టాక కూడా కొంచెం మిగలడం. దసరా ముందు ఇంట్లో ఎవరో కర్ర తెచ్చి చేతిలో పెట్టినప్పుడు, పట్టుకునే ముందు ఉత్తరుడిలాగా ఒక్క ప్రశ్న అడగొచ్చు. ఇది ఎవరిది? నాది కాకపోతే, నేనెందుకు మోయాలి?