తలుపులు మూసే పండుగ

వసంత్ కుంజ్ డీడీఏ ఫ్లాట్లలో చాలా గుమ్మాలకు రెండు తలుపులుంటాయి. బయట ఇనుప జాలీది, లోపల చెక్కది. పగలంతా చెక్క తలుపు బార్లా తీసి, జాలీ మాత్రం వేసుకుంటారు. ఇస్త్రీవాడూ కొరియర్ కుర్రాడూ దాంట్లోంచే పలకరిస్తారు. రెండూ మూసి ఉన్నాయంటే ఇంటివాళ్ళు ఊళ్ళో లేరని లెక్క.

రెండూ మూసి, ఇంట్లోనే ఉండి చేసుకునే పండుగ ఒకటుంది. యూదుల ఉపవాస దినం యోమ్ కిప్పూర్‌ను కొంకణ తీరపు యూదులైన బెనె ఇస్రాయేలీలు మరాఠీలో ‘దార్‌ఫాళ్ణీచా సణ్’ అన్నారు. తలుపులు మూసే పండుగ అని. వీళ్ళు గానుగ ఆడించి బతికినవాళ్ళు. శనివారం గానుగ ఆపేసేవారు గనక ఊరివాళ్ళు ‘శనివార్ తేలీ’ అని పిలిచారు. మానేసిన పని పేరులోకెక్కడం ఎంత ముచ్చటైన సంగతి!

ఒకప్పుడు తరతరాలపాటు వీళ్ళ దగ్గర హీబ్రూ పుస్తకం లేదు, చెప్పడానికి రబ్బీ అనే మతగురువు లేడు. అయినా తిష్రీ నెల పదో రోజు చేజారలేదు. స్నానం, తెల్లబట్టలు, పొద్దుండగానే భోజనం, ఆపైన తలుపు. మర్నాడు చీకటి పడేదాకా పచ్చి మంచినీళ్ళు ముట్టరు. ఉపవాసం మరుసటి రోజు ‘శిళా సణ్’. మన మాటల్లో చద్ది పండుగ. ఆ రోజు దానధర్మాలు చేసి, స్నేహితుల ఇళ్ళకు వెళ్తారు. 1937లో టెల్ అవీవ్‌లో అచ్చయిన కెహిమ్‌కర్ గారి బెనె ఇస్రాయేలీల చరిత్రలో ఈ ఆచారాలున్నాయి.

నన్ను కట్టిపడేసిన పనితనం ఇక్కడే ఉంది. యూదుల ప్రార్థనా మందిరమైన సినగాగులో యోమ్ కిప్పూర్ రోజు అయిదు ప్రార్థనలు. చివరిదాని పేరు ‘నెయిలా’, అంటే మూయడం. ఆకాశపు వాకిలి మూసుకోబోతోంది, త్వరపడమని. పుస్తకం ఉన్నవాళ్ళకు చివర్న మూసుకునే వాకిలిని, పుస్తకం లేనివాళ్ళు మొదట్లోనే తమ గుమ్మానికి బిగించుకున్నారు!

పుస్తకంలోని చెక్కడం కూడా తక్కువది కాదు. తప్పులొప్పుకునే చిన్న ప్రార్థన అక్షరమాల వరసలో నడుస్తుంది. మనకైతే అకారం నుంచి బండి ఱ దాకా అనుకోండి. హీబ్రూ అక్షరాలు 22, ఒప్పుకోళ్ళు 24. చివరి అక్షరం ‘తావ్’ మూడుసార్లొస్తుంది. అక్షరాలైపోయాయి గనక తప్పులూ అయిపోయాయనుకునేవాడికి అది చిన్న మొట్టికాయలా తోస్తుంది నాకు. ఒక్కో మాటకూ పిడికిలితో గుండె మీద మెల్లగా తట్టుకుంటారు. క్రియలన్నీ బహువచనం. గదిలో ఒక్కడే ఉన్నా ‘చేశాం’ అనాలి. యూదుల ధర్మ గ్రంథం మిష్నా మరో మెలిక పెట్టింది. సాటిమనిషికి చేసిన తప్పు, అతణ్ణి సముదాయించేదాకా ఈ రోజుతో పోదు. కాబట్టి తన తలుపు మూసుకునే ముందు నాలుగు తలుపులు తట్టి రావాలి.

ఆ రోజు తోలు చెప్పులూ వేసుకోకూడదు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో 1991లో సినగాగు పెట్టుకున్న మన తెలుగు యూదులు బెనె ఎఫ్రాయిములు మాదిగ కులం నుంచి వచ్చినవారు. తోలుపనినే తమ గుర్తుగా లోకం అంటగట్టినవాళ్ళు తోలును పక్కన పెట్టే రోజు ఇది. ఆ నియమం వాళ్ళ చెవికి ఎలా వినిపిస్తుందో అని చాలాసార్లు అనుకున్నాను.

ఢిల్లీలో సినగాగు ఒకటే, హుమాయూన్ రోడ్డులోని జూదా హయామ్. 1956 నాటిది. పదిమంది మగవాళ్ళు ఉంటేనే ప్రార్థన అన్న పట్టింపు అక్కడ లేదు. ఆడవాళ్ళనూ లెక్కలోకి తీసుకుంటారు. వసంత్ కుంజ్ నుంచి అది పది కిలోమీటర్లకు పైమాటే, బండెక్కడం ఆ రోజు నిషిద్ధం. నియమం తప్పనివాడికి మిగిలేది ఇల్లే.

2024లో అక్టోబర్ 12, 2025లో అక్టోబర్ 2. రెండేళ్ళూ ఈ ఉపవాసం విజయదశమి నాడే పడింది. బయట రావణుడు టపాసులతో కాలిపోయే వేళకే లోపల నెయిలా. మూడు చుక్కలు పొడిస్తే ఉపవాసం విడవచ్చు. దసరా పొగలో ఢిల్లీ ఆకాశాన చుక్క కనబడితే ఒట్టు. గడియారం చూసుకోవాల్సిందే.