వెన్నెల కాయించిన మార్కస్ బార్ట్లే

‘మాయాబజార్’ పేరెత్తితే రంగారావు నవ్వు, సావిత్రి అభినయం, పింగళి మాటలు తలుచుకుంటాం. అందులో అంత చల్లని వెన్నెల కాయించిన మనిషిని తలుచుకునేవాళ్లు తక్కువ. ఆయన ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే. ఆంగ్లో ఇండియన్. పత్రికా ఫొటోగ్రాఫర్‌గా, న్యూస్‌రీల్ కెమెరామన్‌గా పనిచేసి సినిమాకు వచ్చారు. న్యూస్‌రీల్ తీసేవాడికి రెండో టేకు దొరకదు, ఉన్న వెలుతురుతోనే పని కానివ్వాలి. సెట్టు మీద ఆయన్ని కాపాడింది ఆ అలవాటేనని నా నమ్మకం.

‘పాతాళభైరవి’ (1951), ‘మాయాబజార్’ (1957) నాటికి మాయలు చాలావరకు కెమెరా కడుపులోనే జరగాలి. ఫ్రేములో కొంత భాగానికి మాస్కు అడ్డుపెట్టి మిగతాది తీస్తారు. రీలును అంతే వెనక్కి తిప్పి, తీసిన భాగాన్ని మూసేసి రెండోది తీస్తారు. మధ్యలో కెమెరా వెంట్రుకవాసి కదిలినా రెండూ పాడైపోతాయి. అంతకన్నా కష్టం వెలుగుది. రెండుసార్లూ ఒకే దిక్కు నుంచి, ఒకే మోతాదులో పడాలి. లేకపోతే ఎక్కడో అతుకు ఉందని ప్రేక్షకుడి కన్ను పట్టేస్తుంది, కారణం చెప్పలేకపోయినా సరే. ట్రిక్ షాట్ అంటే యంత్రం పనితనమని అనుకుంటాం గానీ, అది ముందు లైటింగ్ పనితనం.

‘లాహిరి లాహిరి’ పాటే చూడండి. నలుపు తెలుపులో వెన్నెలకు నీలిరంగు సాయం ఉండదు. ముఖాల మీద మెత్తని వెలుగు, జుట్టు అంచున వెనక నుంచి సన్నని గీత, నీటి మీద తళుకు, చుట్టూ లోతైన చీకటి. వీటి పాళ్లు కుదిరితేనే వెన్నెల. పడవలో జంటలు మారుతుంటాయి, వెన్నెల మారకూడదు. పైగా అదే చిత్రాన్ని తమిళంలోనూ తీశారు, అక్కడ అభిమన్యుడు జెమినీ గణేశన్. అంటే ఆ వెన్నెలను ఇంకో నటుడి ముఖానికి మళ్లీ అమర్చాలి. 2010లో ఈ సినిమాకు రంగులద్దారు. కొత్త తరం చూసింది, మంచిదే. ఈ పాటను మాత్రం నలుపు తెలుపులోనే చూడమంటాను. బూడిదరంగులో ఆయన పేర్చిన మెట్లు రంగు కింద కనబడకుండా పోయాయి.

ఏ మాయా లేని ‘మిస్సమ్మ’, ‘గుండమ్మ కథ’ తీసిందీ ఈయనే. అక్కడ లైటింగ్ ఉన్నట్టే తెలియదు, మామూలు ఇళ్లలా ఉంటాయి. ఆ తర్వాత మలయాళంలో దర్శకుడు రాము కరియాట్ ‘చెమ్మీన్’ (1965). బెస్తవాళ్ల కథ, రంగుల్లో, నిజమైన సముద్రం ముందు. దీపాలతో చంద్రుణ్ణి తెప్పించిన మనిషి ఇప్పుడు సూర్యుడి చెప్పుచేతల్లో పనిచేశారు. ఆ చిత్రానికి రాష్ట్రపతి స్వర్ణపతకం వచ్చింది.

ఛాయాగ్రాహకుడిగా ఆయనకు జాతీయ పురస్కారం 1969 నాటి తమిళ చిత్రం ‘శాంతి నిలయం’కు దక్కింది, రంగుల ఛాయాగ్రహణానికి. ‘మాయాబజార్’ విడుదలైన రోజుల్లో ఆ విభాగమే లేదు.