డయాలిసిస్ రోగులకు వ్యాయామము: ఒక పరిశోధనపై విమర్శ

మూత్రపిండములు పూర్తిగా చెడినవారికి డయాలిసిస్ ప్రాణాధారము. సాధారణముగా వారమునకు మూడు మారులు, మారునకు సుమారు నాలుగు గంటలు రక్తమును యంత్రము గుండా పంపి మలినములను, అధిక జలమును తొలగింతురు. ఇట్టి రోగిని కదలనీయక పడుకొనబెట్టుటయే మన ఇండ్లలో దయగా చెల్లుచున్నది. ఆ దయ వలన మేలెంత? 2023లో ‘ఎన్.ఇ.జె.ఎం. ఎవిడెన్స్’ పత్రికలో వెలువడిన జర్మను పరిశోధన ఈ ప్రశ్ననే పరీక్షించినది.

21 డయాలిసిస్ కేంద్రములను, చీటీలు వేసినట్లు, రెండు వర్గములుగా విభజించిరి. ఒక వర్గమువారు డయాలిసిస్ జరుగుచుండగనే, వారమునకు మూడు మారులు, ఏడాది పాటు సైకిల్ తొక్కిరి. బలము పెంచు కదలికలను గూడ చేసిరి. రెండవ వర్గమునకు మామూలు చికిత్సయే. 917 మంది ఫలితములను లెక్కించిరి. కొలమానము సులభమైనది: 60 సెకండ్లలో కుర్చీనుండి ఎన్ని మారులు లేచి కూర్చుండగలరు? ఆరంభమున ఇరువర్గముల సగటు 16.2. ఏడాది చివర వ్యాయామము చేసినవారికి 19.2, చేయనివారికి 14.7.

ఈ చివరి సంఖ్యయే మనము ముఖ్యముగ గమనింపవలసినది. ఊరకుండుట యనగా ఉన్నచోట నిలుచుట కాదు, దిగజారుట. రక్తమున పెరిగిన ఆమ్లము కండరముల మాంసకృత్తులను కరిగించును, డయాలిసిస్‌లో మలినములతో పాటు అమైనో ఆమ్లములును కొంత పోవును, ఆకలి మందగించును. పైగా కదలిక లేకున్న క్షయము ఇబ్బడియగును.

అయినను లోపములు లేకపోలేదు. సైకిల్, బలవ్యాయామము రెండును కలిపినందున ఏది ఎంత మేలు చేసెనో తేలదు. బలవ్యాయామమును మాత్రమే పరీక్షించిన ఆస్ట్రేలియా పరిశోధన 2007లో వెలువడినది. అందు 49 మందియే. కాలము 12 వారములే. బలము పెరిగినది గాని, కండరపు పరిమాణము చెప్పుకోదగినంతగా పెరుగలేదు. నాడులు కండరపు పోగులను మెరుగుగా పనిచేయించుటచే గూడ బలము పెరుగునని విద్యార్థులు గ్రహింపవలెను. ఇక రెండవ లోపము: తాను వ్యాయామవర్గమున ఉన్నట్లు రోగికి తెలియును, లేచి కూర్చుండు పరీక్షలో వాని ఉత్సాహము ఫలితమును కొంత మార్చవచ్చును.

మూడవది మనకు సంబంధించినది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానమున కవిటి, సోంపేట ప్రాంతముల కొబ్బరి, జీడితోటలలో పనిచేయువారు అనేకులు మూత్రపిండవ్యాధికి గురియైరి. దానికి కారణమింకను నిర్ధారణ కాలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధనకేంద్రము ప్రారంభమైనవి. నేలపై కూర్చుండి లేచు ఆ కూలీ బలమును కుర్చీతో కొలిచిన చాలునా? పరవాడనుండి విశాఖపట్టణమునకు బస్సులో పోయి వచ్చు రోగికి బస్సు మెట్టెక్కుటయే పరీక్ష. మన కొలమానము మన జీవితమునుండి రావలెను.

ఈ లోపములు ఆ పరిశోధనను కొట్టివేయవు. మన పనిని చూపును. అయితే వైద్యుని అనుమతి లేక ఏ రోగియు వ్యాయామము ప్రారంభింపరాదు. సూదులున్న చేతిని కదల్పరాదు. డయాలిసిస్ చివరిభాగమున రక్తపుపోటు పడిపోవచ్చును గనుక మొదటి సగమున చేయుట మేలు. సైకిల్ లేనిచోట రబ్బరుపట్టీ, చిన్న బరువు చాలును. యంత్రము రక్తమును శుభ్రపరచును గాని కాళ్లకు బలమీయజాలదు.