చినుకు దెబ్బ, ఇసుక దెబ్బ

అనంతపురం పొలానికి ఏటా రెండు దెబ్బలు తగులుతాయి. ఒకటి పైనుంచి పడే చినుకుది, రెండోది పక్కనుంచి వీచే గాలిది. ఈ రెండింటి భౌతికశాస్త్రానికీ చెరో మూలగ్రంథం ఉంది. ఆర్థర్ వర్తింగ్టన్ 1908లో వెలువరించిన 'ఎ స్టడీ ఆఫ్ స్ప్లాషెస్' ద్రవం దేన్నైనా తాకిన క్షణంలో ఏం జరుగుతుందో చూపిస్తుంది. రాల్ఫ్ బాగ్నాల్డ్ 1941లో వెలువరించిన 'ద ఫిజిక్స్ ఆఫ్ బ్లోన్ శాండ్ అండ్ డెజర్ట్ డ్యూన్స్' గాలి ఇసుకను ఎలా లేపి, ఎలా కొడుతుందో వివరిస్తుంది. ఇద్దరూ ఇంగ్లీషువాళ్లే, ఇద్దరూ మన నేల గురించి రాయలేదు. అయినా ఈ రెంటినీ కలిపి చదవాల్సిన చోటు, ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నిలకడగా పడని ఈ ఎర్రనేలే.

బొట్టు పడి చిందడం కంటికి అందే పని కాదు. వర్తింగ్టన్ చీకటి గదిలో బొట్టును వదిలి, అది తాకాక తాను ఎంచుకున్న క్షణంలో ఒక్క విద్యుత్ మెరుపు మెరిపించేవాడు. ఆ మెరుపులో కంట నిలిచిన రూపాన్ని గీసుకునేవాడు. మళ్లీ బొట్టు, ఇంకాస్త ఆలస్యంగా మెరుపు, మరో బొమ్మ. ఏళ్ల తరబడి గీసిన ఆ బొమ్మల్లో చిందులన్నీ చక్కని వలయాలు, అన్ని వైపులా సమానమైన రేకులు. 1890లలో ఫొటోలు తీయడం కుదిరాక చూస్తే, ఏ చిందూ అలా లేదు. ఒకవైపు రేకు పొడుగు, ఒకవైపు పొట్టి, అంచు అక్కడక్కడా తెగిపోయి ఉంది. తన కన్ను ఇన్నాళ్లూ వంకరలను పక్కకు నెట్టి, ఉండాల్సిన రూపాన్నే చూసుకుందని ఆయన దాచకుండా రాశాడు. ఆ పుస్తకానికి ప్రాణం ఆ నిజాయితీలో ఉంది.

కానీ ఆయన బొట్టు గాజుపలక మీద పడింది, పాల మీద పడింది, నీటి మీద పడింది. మట్టి మీద పడలేదు. దెబ్బ తిన్న తలం తర్వాత ఏమైందన్న ప్రశ్న ఆయన్ను వేధించలేదు. మనకు కావలసింది సరిగ్గా ఆ ప్రశ్నే.

గుంటక తోలిన చెనిక్కాయ చేనులో గట్టివాన వెలిశాక వంగి చూడండి. చిన్న చిన్న గులకరాళ్లు పిడికిలెత్తు కూడా లేని మట్టి స్తంభాల మీద నిలబడి కనిపిస్తాయి. రాయి కిందున్న మట్టి నిలిచింది, చుట్టూ ఉన్న మట్టిని చినుకులు చిమ్మేశాయి. ఆకుల అడుగున ఎర్రటి చుక్కలుంటాయి. చేను పక్కన సున్నం కొట్టిన గోడ ఉంటే దానిమీద మోకాలెత్తు దాకా అవే చుక్కలు. 2 మిల్లీమీటర్ల చినుకు నేలను తాకేటప్పటి వేగం సెకనుకు సుమారు 6.5 మీటర్లు. 5 మిల్లీమీటర్ల చినుకుది 9 మీటర్లు. లెక్కగడితే పెద్ద చినుకు దెబ్బలో ఉన్న శక్తి చిన్నదానికి దాదాపు 30 రెట్లు. అందుకే గంటసేపు పడిన జల్లు చేయని నష్టాన్ని పది నిమిషాల ఉరుముల వాన చేస్తుంది. మట్టిగడ్డలు చితుకుతాయి, విడిపోయిన మెత్తటి బంక రేణువులు నేల రంధ్రాల్లో కూరుకుంటాయి. ఎండ రాగానే ఆ పొర బిగుసుకుంటుంది. ఆ తర్వాత పడిన వాన లోపలికి దిగదు, మొలక పైకి రాలేదు. కరువు సీమలో పడ్డ నీళ్లు పారిపోవడానికి ఒక కారణం చినుకే.

గాలి లేకపోతే ఈ కథ ఇంకా ఘోరంగా ఉండేది. 2 కిలోమీటర్ల ఎత్తు నుంచి పడే చినుకు, అడ్డే లేకుంటే, సెకనుకు దాదాపు 200 మీటర్ల వేగం అందుకుంటుంది. గాలి దాన్ని పట్టి ఆపుతుంది. అదే గాలి చిందడానికీ తోడ్పడుతుంది. చుట్టూ గాలి పీడనం బాగా తగ్గిస్తే నున్నని పొడి తలం మీద పడిన బొట్టు చిందకుండా పరుచుకుపోతుందని 2005లో షికాగో శాస్త్రవేత్తలు చూపించారు. ద్రవం దెబ్బలో వాయువుకు ఇంత పాత్ర ఉందన్నది వర్తింగ్టన్ కాలానికి చాలా తర్వాత తేలిన సంగతి.

బాగ్నాల్డ్ మరో రకం మనిషి. సైన్యంలో ఇంజనీరు. ఫోర్డు కార్లలో లిబియా ఎడారి తిరిగి, తర్వాత లండన్‌లో గాలి సొరంగం కట్టి, ఇసుకను కొలిచాడు. గాలికి లేచిన రేణువు నిటారుగా ఎగురుతుంది, గాలి దాన్ని ముందుకు తోస్తుంది, 10 నుంచి 16 డిగ్రీల వాలులో వచ్చి నేలను కొడుతుంది. ఆ దెబ్బకు తన బరువుకు 200 రెట్లు మించిన రేణువును కూడా కదిలించగలదు. ఇసుక ఒకసారి కదిలాక, ఆ కదలికను కొనసాగించడానికి మొదట కావలసినంత గాలి కూడా అక్కర్లేదు. కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల్లో హగరి ఏటి ఇసుక నైరుతి గాలులకు లేచి పొలాల్లో మేటలు వేయడానికి కారణం ఈ రెండు వాక్యాల్లో ఉంది. గాలి ఇసుకను కొడుతుంది, ఇసుక ఇసుకను కొడుతుంది.

శాస్త్రగ్రంథంగా నా ఓటు బాగ్నాల్డ్‌కే. వర్తింగ్టన్ చూపించి ఊరుకున్నాడు. బాగ్నాల్డ్ చూపించి, కొలిచి, ఎక్కడ అడ్డుపడవచ్చో కూడా చెప్పాడు. మొదటి రేణువును లేవనీయకుండా ఆపితే వెనకున్న వెయ్యి రేణువులు ఆగుతాయి. చెనిక్కాయలో వేసే కంది సాళ్లు, గట్టు మీది చెట్లు గాలి వేగాన్ని నేల దగ్గర తగ్గించి చేసే పని అదే. అయితే ఆయన ఇసుక ఎడారి ఇసుక, పొడిది, విడివిడిగా ఉండేది. మన ఎర్రనేల సగం ఏడాది బిగిసి ఉంటుంది.

ఇక్కడే రెండు పుస్తకాలూ ఒకదాన్నొకటి అడ్డుకుంటాయి. చినుకు కట్టిన గట్టి పొర నీటిని లోపలికి పోనివ్వదు గానీ, గాలినుంచి మట్టిని కాపాడుతుంది. పదును దిగాలని రైతు గుంటకతో ఆ పొరను పగలగొడితే మట్టి గాలికి వదులవుతుంది. ఒక్క పుస్తకమే చదివినవాడు ఇచ్చే సలహా రెండో దెబ్బకు దారి తీస్తుంది. చెనిక్కాయ పంట ఈ చిక్కును ఇంకా పెంచుతుంది. కోత అంటే చెట్టును వేళ్లతో సహా పీకడమే. కట్టె పశువులకు పోతుంది, వదులైన నేల బోడిగా మిగులుతుంది.

2016లో ఎండుతున్న చెనిక్కాయను కాపాడటానికి ప్రభుత్వం నీళ్లను దూరానికి చిమ్మే రెయిన్ గన్లు తెచ్చింది. ఎన్ని నీళ్లు, ఎన్ని ఎకరాలు అన్న చర్చే జరిగింది. ఆ గన్ విసిరే చినుకు ఎంత పెద్దది, బోడి మట్టి మీద ఎంత వేగంగా పడుతుంది అని అడిగినవాళ్లు తక్కువ. పీడనం తగ్గితే చినుకు పెద్దదవుతుంది, పొర గట్టిపడుతుంది. నీళ్లు తడపడమే చూసి, కొట్టడం మరిచిపోయాం.

రెండు దెబ్బలకూ పనికొచ్చే మందు నేల మీద కప్పు. తొలకరికి ముందే నవధాన్యాలు చల్లి, పైన గడ్డీ గాదం పరిచే పద్ధతి ప్రకృతి వ్యవసాయంలో జిల్లాకు వచ్చింది. చినుకు ఆకుమీద విరుగుతుంది, రేణువు గడ్డిలో ఆగుతుంది. కట్టె అంతా పశువులకే కావాలన్న రైతు మాటా నిజమే. కప్పుకు సరిపడా గడ్డి ఎక్కడినుంచి తెస్తామన్నది పరిష్కారం కావలసిన ప్రశ్న. రేకులకుంట వ్యవసాయ పరిశోధనా కేంద్రం లాంటి చోట్ల ఒకే మడిలో చినుకు చిమ్మిన మట్టినీ గాలి మోసుకుపోయిన మట్టినీ కలిపి తూచాలి.

బడిపిల్లలకు దీన్ని చూపించడానికి ప్రయోగశాల అక్కర్లేదు. రెండు పళ్లేల్లో మన ఎర్రమట్టి పోసి, ఒకదానిమీద గడ్డి పరిచి, మేడ మీదినుంచి నీటి బొట్లు వదిలి, ఫోన్‌లో స్లో మోషన్‌లో తీయండి. పంతులు గార్లూ, ఈ జూన్‌లో విత్తనానికి ముందే ఆ పని చేయించండి.