హంసల ఛాయాచిత్రాలు - చట్రం వెలుపలి సంగతి

జపానులోని హొక్కైడో దీవి తూర్పు భాగంలో కుష్షారో అనే సరస్సు ఉన్నది. అగ్నిపర్వత బిలంలో ఏర్పడిన ఈ సరస్సు శీతకాలంలో దాదాపు పూర్తిగా గడ్డకడుతుంది. అయినా సైబీరియా నుండి వచ్చిన హూపర్ హంసలు దాని ఒడ్డున ఈదుతూ కనిపిస్తాయి. వాటి ఛాయాచిత్రాలు లోకప్రసిద్ధములు.

ఈ చిత్రాలలో మెచ్చదగిన నేర్పు ఉన్నది. కెమెరాలోని కాంతిమాపకం తాను చూచినదంతా ఒక మోస్తరు బూడిదరంగుగా ఎంచుతుంది. దానినే నమ్మితే మంచూ, హంసా రెండూ మాసిన బట్టలవలె కనిపిస్తాయి. అందుచేత కాంతిని రెట్టింపో, అంతకు మించియో ఇవ్వాలి. మరీ ఎక్కువైతే ఈకల గీతలు చెరిగిపోతాయి. మంచి ఛాయాచిత్రకారులు ఈ రెండు పొరపాట్లనూ తప్పించుకొన్నారు.

అయితే లోపమూ ఉన్నది. హంసల చుట్టూ మనోహరంగా కనిపించే ఆ పొగమంచు ఎక్కడిది? ఒడ్డున ఉబికే వేడినీటి ఊటలు అక్కడి నీటిని గడ్డకట్టనీయవు. ఆ నీటి ఆవిరియే చల్లగాలిలో సూక్ష్మబిందువులుగా మారుతుంది. హంసలు అక్కడ చేరడానికి కారణమూ ఆ గడ్డకట్టని నీరే. ఊటను, ఒడ్డును, చూడవచ్చిన జనాన్ని చట్రం వెలుపల వదలివేసిన చిత్రం అందంగానే ఉంటుంది. కాని అది నిర్జనమైన మంచు ఎడారి అన్న భ్రమ కలిగిస్తుంది.

మన చెరువులకు ఈ హంసలు రావు. మన విద్యార్థికి తెలిసేది చిత్రం చూపినంతే. కనుక దగ్గరి చిత్రం పక్కన, ఊటనూ ఒడ్డునూ చూపే దూరపు చిత్రం ఒకటి తప్పక ఉండాలి. అప్పుడే తరగతిలో "ఇక్కడి నీరు ఎందుకు గడ్డకట్టలేదు?" అనే ప్రశ్న పుడుతుంది.