సావిత్రిని కట్టిన చేతులు

నటి సావిత్రి జీవిత కథ ‘మహానటి’ (2018) గురించి మాట్లాడితే అందరూ సావిత్రిగా నటించిన కీర్తి సురేష్ పేరే ఎత్తుతారు. ఎత్తాల్సిందే, జాతీయ ఉత్తమ నటి అవార్డు ఊరికే రాలేదు. నా కళ్లు మాత్రం ఆమె కట్టిన చేనేత చీరల మీదే నిలిచిపోయాయి. ఇంద్రాక్షి పట్నాయక్, గౌరంగ్ షా, అర్చనా రావు ముగ్గురికీ ఆ దుస్తుల రూపకల్పనకే జాతీయ అవార్డు దక్కింది.

చేనేత చీర ఒంటి మీద పడే తీరే వేరు. మిషన్ బట్టలా జారిపోదు, బిర్రుగానూ నిలబడదు, మనిషి కదలికను బట్టి ఒదుగుతుంది. మద్రాసుకు కొత్తగా వచ్చిన పిల్ల సావిత్రి, నటుడు జెమినీ గణేశన్ ఎదుట తల వంచుకుని పైట సర్దుకుంటుంది చూడండి. జెమినీగా నటించిన దుల్కర్ సల్మాన్ చిరునవ్వు ఎంత పని చేసిందో ఆ పైట కొంగూ అంతే పని చేసింది. ప్రేమ సంగతి మాటల్లో చెప్పక ముందే మనకు తెలిసిపోతుంది.

అసలు పరీక్ష ‘మాయాబజార్’ ఘట్టం. 1957లో వచ్చిన ఆ సినిమాలో సావిత్రి శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడిగా నటించింది. అంటే కీర్తి ఒకేసారి ముగ్గుర్ని మోయాలి. ఆ వడ్డాణం, ఆ జడ, ఆ పూలు ప్రతి తెలుగింటికీ కంఠతా వచ్చు. పిసరంత తేడా వచ్చినా ప్రేక్షకుడు పట్టేస్తాడు. మా అమ్మ పట్టలేకపోయింది. “సావిత్రే” అని కళ్లు తుడుచుకుంది.