బొటనవేలికి తెలిసిన తుంటి

మాన్యువల్ థెరపీలో చెయ్యి తిరిగినవాళ్ళు ఎక్స్‌రే కవరు విప్పకముందే రోగి చేతిని చూస్తారు. ‘నొప్పి ఎక్కడ?’ అనగానే ఆ చెయ్యి ఎటు పోతుందన్నదే వాళ్ళకు మొదటి ఆధారం. బొటనవేలూ మిగతా వేళ్ళూ విడదీసి తుంటిని పక్కనుంచి పట్టి చూపిస్తే, గజ్జల్లో కూడా పోటు ఉందంటే, అనుమానం తుంటి కీలు మీదికి పోతుంది. నడుం కింద పల్లం పడ్డచోట ఒక్క వేలు పెట్టి ‘ఇక్కడే’ అంటే శాక్రోఇలియాక్ కీలు. తొడ పైభాగాన పక్కకు పొడుచుకొచ్చే ఎముక మీద చెయ్యి వేసి ‘రాత్రి ఆ పక్కకు తిరిగి పడుకోలేను’ అంటే పిరుదు కండరాల టెండన్లు. అరచెయ్యి పిరుదు మీద పరిచి పిక్క దాకా గీత గీస్తే, అది నడుములోని నరమో పిరుదులోని కండరమో తేల్చాలి. ఇవి అనుమానాలే, తీర్పులు కావు. తీర్పు చెప్పాల్సింది థెరపిస్టు చేతులు. ఈ విద్యలో నన్ను కట్టిపడేసింది ఆ తేల్చే నేర్పే.

చేత్తో కీళ్ళు సర్దే వైద్యం ఎక్కడ లేదు? విరిగిన ఎముకకు మన పుత్తూరు కట్టు ఉంది, మలయాళీలకు కళరి మర్మ చికిత్స ఉంది. అమెరికాలో 1874లో ఆండ్రూ టేలర్ స్టిల్ ఆస్టియోపతీని, 1895లో డి.డి. పామర్ కైరోప్రాక్టిక్‌నీ మొదలెట్టారు. ఆ చరిత్రలో మంచీ ఉంది, గాలికబుర్లూ ఉన్నాయి. నేను దండం పెట్టేది ఆ తర్వాతి తరానికి.

లండన్ సెయింట్ థామస్ ఆస్పత్రిలో పనిచేసిన జేమ్స్ సిరియాక్స్ ఎంతటివాడో చెప్పడానికి ఒక్క పరీక్ష చాలు. రోగిని వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంచకుండా కాలు పైకెత్తుతారు. కొంత ఎత్తుకు వచ్చేసరికి నొప్పితో ఆగిపోతుంది. అక్కడ మోకాలు మడిచి తొడను పొట్టవైపు ఇంకాస్త తోస్తారు. సయాటికా నరం బిగుసుకోవడం వల్ల ఆగి ఉంటే, మోకాలు మడవగానే నరం వదులై తొడ ముందుకు వస్తుంది. మడిచినా కదలనంటే తంటా నరంలో లేదు, పిరుదులోనే ఏదో పెద్ద జబ్బు ఉండొచ్చు: చీము, కేన్సర్, ఎముక చిట్లడం. ఇక అక్కడ మర్దనలూ మెలికలూ పనికిరావు, ఆ రోగి వెంటనే డాక్టరు దగ్గరికి, స్కానింగుకి పోవాలి. అర నిమిషం పట్టే పరీక్ష ఇది, ప్రాణం నిలబెట్టగలదు! కీలును చివరిదాకా వంచినప్పుడు చేతికి తగిలే స్పర్శకు కూడా ఆయన లెక్క కట్టాడు. ఎముకకు ఎముక తగిలి ఆగిందా, తోలు లాగినట్టు ఆగిందా, కండరం ఎదురుతిరిగిందా, ఏ అడ్డూ తగలకముందే నొప్పికి రోగే ఆపేశాడా? అంచు పట్టుకుని జరీ నాణ్యం చెప్పే నేతగాడి వేళ్ళు కావాలి దీనికి.

1934లో మిక్స్‌టర్, బార్ అనే ఇద్దరు అమెరికన్ సర్జన్లు వెన్నుపూసల మధ్యనుండే డిస్కు నరాన్ని నొక్కితే కాలు నొప్పి వస్తుందని చూపించాక, పిరుదు నొప్పులన్నీ డిస్కు ఖాతాలో పడిపోయాయి. కండరాల తరఫున నిలబడ్డ మనిషి జానెట్ ట్రావెల్. ప్రెసిడెంట్ కెన్నెడీకి ఆమె వైట్‌హౌస్ వైద్యురాలు, ఆ పదవిలో మొదటి మహిళ. పిరుదు లోపలి పొరలో ఉండే గ్లూటియస్ మినిమస్ అనే చిన్న కండరం పట్టేస్తే నొప్పి తొడ పక్కగా చీలమండ దాకా దిగి అచ్చం సయాటికాలా ఏడిపిస్తుందని ఆవిడ చెప్పింది. అలా పట్టేసిన కండరంలో చేతికి తగిలే ‘ముడి’ అసలేమిటన్న వాదం ఇంకా తెగలేదు. అయినా ఆవిడ పుస్తకాల్లోని నొప్పి పటాలు చూడకుండా పిరుదు మీద చెయ్యి వేసే థెరపిస్టును నేను నమ్మను.

ఇంతమందిలో నా ఓటు మాత్రం ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌కు చెందిన జెఫ్రీ మెయిట్‌లండ్‌కే. 1964లో వెన్నెముక చికిత్స మీద ఆయన పుస్తకం వచ్చింది. కీలును ఊపే తీరును ఆయన నాలుగు మెట్లు చేశాడు. మొదటి మెట్టులో కదలిక మొదట్లోనే చిన్న ఊపు. రెండోదాంట్లో పెద్ద ఊపే, కానీ బిగువు తగలకుండా. మూడోదాంట్లో ఆ బిగువు దాకా పెద్ద ఊపు. నాలుగోదాంట్లో బిగువు చివరన చిన్న ఊపు. నొప్పి ముందున్నవాళ్ళకు కింది మెట్లు, బిగువు ముందున్నవాళ్ళకు పై మెట్లు. ఒక్కో ఊపుడు విడత అయ్యాక మళ్ళీ లేపి అదే కదలిక చేయించాలి. తగ్గలేదా, తప్పు థెరపిస్టుదే, దారి మార్చుకోవాలి. రోగి మాటకు ఇంత విలువిచ్చిన పద్ధతి ఇంకొకటి నేనెరగను.

విజయవాడలో ఒక సీనియర్ థెరపిస్టు పనిచేస్తుంటే పక్కన నిలబడి చూశాను. వచ్చినాయన లారీ డ్రైవరు. కుడి పిరుదు నుంచి పిక్క పక్కదాకా గుంజుతోంది. చేతిలో ఎమ్మారై, అందులో డిస్కు ఉబ్బు. ఆ పెద్దమనిషి రిపోర్టు చదివి పక్కన పెట్టి, ‘అన్నా, బ్రేకు మీదికి కాలెట్లా వేస్తావో చూపించు’ అన్నాడు. కాలు లేస్తుంటే ‘అబ్బా’ అని ఆగింది. నడుం వంచితే తేడా లేదు, కాలు నిటారుగా ఎత్తినా లేదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, తొడ ఎముక పైకొసకూ కటి ఎముక అంచుకూ నడుమ బొటనవేలు మెల్లగా దించాడు. అంగుళం ముందుకు జరిపాడో లేదో, ‘అదే! అదే నొప్పి, కిందికి దిగుతోంది’ అన్నాడు డ్రైవరు. వేలు అక్కడే ఉంది. బరువు పెంచలేదు, తియ్యలేదు. వేలి కింద కండరం మెత్తబడేదాకా ఆగి, ఆ తర్వాత తొడను రెండు చేతులతో పట్టి కీలును పాదాలవైపు సన్నగా లాగుతూ ఊపాడు. లేపి మళ్ళీ బ్రేకు తొక్కించాడు. ఈసారి కాలు ఆగలేదు. వెనక జేబులోని లావుపాటి పర్సు తీయించి ముందు జేబులో పెట్టించాకే పంపాడు.

ఇందులో ‘టక్’మన్న చప్పుడు ఒక్కటీ లేదు. ఇప్పుడు ఫోన్లలో చూస్తున్నవన్నీ చప్పుళ్ళే. మెడ తిప్పి టక్కు, తుంటి మెలేసి టక్కు, ‘ఎముక తప్పింది, సెట్ చేశా’ అని మీసం మెలేయడం! కటి కీలు తప్పడం సెట్టవడం అంతా అబద్ధం. 1998లో స్వీడన్‌లో ట్యుల్‌బర్గ్ బృందం లోహపు పూసలు ఎముకల్లో అమర్చి ఎక్స్‌రేలతో కొలిచింది. శాక్రోఇలియాక్ కీలుకు ఆ చికిత్స చేయకముందూ చేసిన తర్వాతా ఎముక ఉన్నచోటే ఉంది. ఉపశమనం కలగొచ్చు, దానికి వేరే కారణాలున్నాయి. ఎముక గుల్లబారిన ముసలమ్మ మీద ఎక్కి తొక్కేవాళ్ళను చూస్తే నాకు రక్తం మరుగుతుంది. తొడ ఎముక తల రక్తం అందక చచ్చుబడుతున్నవాడి తుంటిని మెలేస్తే ఏమవుతుందో ఆలోచించారా?

కొన్ని క్లినిక్కులు రెండో వైపు నుంచి ఈ విద్యను చంపుతున్నాయి. ఫిజియోథెరపీ అంటే ‘కరెంటు పెట్టడం’ అని జనం అనుకోవడం ఊరికే రాలేదు. ప్యాడ్లు అంటించి, టైమరు తిప్పి, పక్క రోగి దగ్గరికి పోవడమే పది రోజులూ. చేతి చికిత్సకు ఆధారం లేకా? తుంటి అరుగుదల ఉన్న 109 మంది మీద నెదర్లాండ్స్‌లో హోక్స్‌మా చేసిన అధ్యయనం 2004లో వచ్చింది. అయిదు వారాలకు చేతి చికిత్స పొందినవాళ్ళలో 81 శాతం మందికి మెరుగైతే, వ్యాయామం వాళ్ళలో 50 శాతం మందికే. 2014లో ఆస్ట్రేలియా అధ్యయనం ఒకటి ఉత్తుత్తి చికిత్సకూ, చేతి చికిత్సా వ్యాయామమూ కలిపిన ఫిజియోథెరపీకీ తేడా లేదని తేల్చింది, అదీ ఒప్పుకోవాలి. అయినా మనిషి మనిషికీ చెయ్యి మార్చుకునే విద్యను కొలమానాలతో పూర్తిగా కొలవలేరన్నదే నా అభ్యంతరం.

చెయ్యి ఎక్కడ ఆగాలో తెలియడం కూడా ఈ విద్యే. నలభై దాటిన ఆడవాళ్ళకు ఎక్కువగా వచ్చే తుంటి పక్క నొప్పిలో టెండన్‌ను పిసికి, సాగదీస్తే ఇంకా మండుతుంది. 2018లో వచ్చిన ఆస్ట్రేలియా అధ్యయనంలో వ్యాయామమూ, జాగ్రత్తలు నేర్పడమూ కలిపితే ఎనిమిది వారాలకు 77 శాతం మందికి నయమనిపించింది, స్టెరాయిడ్ ఇంజక్షన్‌తో 58 శాతం మందికి. పొయ్యి ముందు ఒంటికాలి మీద బరువేసి నిలబడకండి, కాలు మీద కాలేసుకుని కూర్చోకండి, పక్కకు తిరిగి పడుకుంటే మోకాళ్ళ మధ్య దిండు పెట్టుకోండి. మా అక్కలకూ పిన్నులకూ ఈ మూడు ముక్కలు చెప్పడానికి ఏ మిషనూ అక్కర్లేదు.

కాలేజీలవాళ్ళకు నా విన్నపం ఒకటే. విద్యార్థుల చేతుల్ని మిషన్ల బటన్ల మీదనుంచి తీసి మనుషుల మీద పెట్టించండి, పక్కన ఓ అనుభవజ్ఞుడు నిలబడి చూస్తుండగా. రోగులారా, మీరూ అడగండి. మీ తుంటిని వంచి, తిప్పి, నొక్కి చూడకుండానే కరెంటు పెట్టబోతుంటే ప్యాడ్లు అంటించనివ్వకండి. పిరుదు నొప్పితోపాటు జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం ఉన్నా, మూత్రం పట్టు తప్పినా, మలమూత్రాల చోట మొద్దుబారినా ఏ థెరపిస్టు దగ్గరికీ పోకండి. నేరుగా పెద్దాస్పత్రికి, ఆ రోజే.